టెస్ట్ అనే పేషెంటు

"ఫిల్ము చేతికివ్వకపోతే ఎక్స్‌రే తీసేమంటే ఎవరు నమ్ముతారండీ?" అని సత్యశ్రీ మొదటిరోజే తగువు పెట్టుకుంది.

అమలాపురంలోని ఆ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేది ఆమే. చెయ్యి విరిగినవాడు ఫిల్మును చుట్టచుట్టి చంకన పెట్టుకుని బస్సెక్కితేనే ఆ ఊళ్లలో వైద్యం జరిగినట్టు. అలాంటి చోటికి కంప్యూటర్లేసుకుని దిగాడు అంజిబాబు. ఇక్కడ తీసిన ఎక్స్‌రే క్షణాల్లో కాకినాడలోనూ విశాఖలోనూ డాక్టర్లకు కనిపించేలా చెయ్యడం అతని ఉద్యోగం. కాట్రేనికోనలో పడవలు నడిపే వాళ్ల పిల్లాడే గానీ, మాటల్లోకి దిగితే ఒడ్డుకు రానివ్వడు.

"ఫిల్ము వానకి తడుస్తుందండి, బీరువాలో అతుక్కుపోతుందండి. మా సిస్టమ్‌లోకి ఎక్కిందంటే ఇక ఎక్కడికీ పోదు."

"కరెంటు పోతేనో?"

"జనరేటరుందిగా."

"డీజిలైపోతేనో?"

"మీరు దీపం పట్టుకుని నిలబడండి, చూస్తూ కూర్చుంటాను."

"దేన్ని?"

"ఎక్స్‌రేనేనండి బాబూ!"

సత్యశ్రీ మొహం అటు తిప్పుకుని నవ్వింది. ఇటు తిప్పి నవ్వితే ఏం పోయేదో మరి!

అతనికి అప్పటికే దగ్గుండేది. అడిగితే, "మీ పాత ఫిల్ముల దుమ్మండి. నష్టపరిహారం కింద టీ ఇప్పించండి" అనేవాడు. టీ తరవాత కాజాలొచ్చాయి, కాజాల తరవాత వానొచ్చింది. బస్టాండు దాకా ఇద్దరికీ ఒకటే గొడుగు.

"సిస్టమ్ మొదలైన రోజున మీకో మాట చెప్పాలండి."

"ఇప్పుడు చెబితే వానకి కరిగిపోతుందా?"

"టెస్టింగ్ అవ్వకుండా లైవ్‌కి వెళ్లకూడదండి. రూలు."

ఆ రోజు రానే వచ్చింది. కాకినాడకు పంపి చూడటానికి ఒక ఎక్స్‌రే కావాలి. "ఎలాగూ దగ్గుతున్నావుగా, నీదే తీయించుకోవయ్యా" అన్నారు పెద్ద డాక్టరు ప్రకాశరావు గారు. పేరుండాల్సిన చోట సత్యశ్రీ 'టెస్ట్' అని కొట్టింది. అలాంటివి సాయంత్రానికి చెరిపెయ్యాలని నేర్పింది అంజిబాబే.

"ఊపిరి గట్టిగా తీసుకోండి. బిగబట్టండి."

"మీరెదురుగా ఉంటే అదెలాగూ ఆగిపోతుందండి!"

నర్సులంతా పకపకా నవ్వారు. ఎక్స్‌రే కాకినాడ చేరింది. చప్పట్లు, లడ్డూలు. అంతలో ఫోను మోగితే, ప్రకాశరావు గారు అందరూ వినాలని స్పీకరు పెట్టారు.

"చాలా స్పష్టంగా వచ్చిందండి," అంది అవతల డాక్టరమ్మ. "ఈ టెస్ట్ అనే పేషెంటు ఎవరు? ఊపిరితిత్తిలో గడ్డలా ఉంది. వెంటనే సీటీ స్కాన్ తీయించండి."

అంజిబాబు చేతిలో లడ్డూ అలాగే ఉండిపోయింది. "సిస్టమ్ పనిచేస్తోందండి" అన్నాడు మెల్లిగా. చెప్పాలనుకున్న మాట చెప్పకుండానే వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆ ఎక్స్‌రేని చెరపడానికి సత్యశ్రీకి చెయ్యి రాలేదు. 'టెస్ట్' తీసేసి అతని పేరు, ఊరు, ఫోన్ నంబరు పెట్టి దాచుకుంది.

కొన్నాళ్లకు ఫోను చేశాడు. "ఏం లేదంటండి, పాత నిమ్ము మచ్చంట. హైదరాబాద్‌లో ఉద్యోగమొచ్చింది. ఇక ఇటు రాను."

"మరి చెప్పాలన్న మాటో?"

"ఏం మాటండి? గుర్తులేదు."

ఆమె కుళ్లికుళ్లి ఏడ్చింది. నోటికొచ్చినట్టు తిట్టుకుంది. తల్లి పాపాయమ్మ ముక్తేశ్వరం సంబంధం తెస్తే తల ఊపింది కూడా.

ఒక పొద్దున డ్యూటీలో కంప్యూటరు తెరవగానే అతని పేరు కనిపించింది. విశాఖ క్యాన్సర్ ఆసుపత్రిలో తీసిన స్కాను. ఒక మనిషికి ఎక్కడ ఎక్స్‌రే, స్కాను తీసినా, పేరూ ఫోన్ నంబరూ కలిస్తే మొదట తీసిన ఆసుపత్రికీ చేరేలా ఏర్పాటు చేసిపెట్టింది అతనే. తన మొదటి ఎక్స్‌రే ఆ సాయంత్రమే చెరిగిపోయిందనుకున్నాడు పాపం. హైదరాబాదూ లేదు, ఉద్యోగమూ లేదు. ఆమె పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసింది. ప్రకాశరావు గారిని పిలిచి చూపించింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"వెళ్లి ఏం చేస్తావే?" అంది పాపాయమ్మ ఇంటి దగ్గర.

"పక్కన కూర్చుంటానమ్మా."

పాపాయమ్మ చాలాసేపు ఏడ్చింది. తరవాత లేచి రెండు చీరలు సంచిలో కుక్కింది. "పద, నేనూ వస్తాను. ముక్తేశ్వరం వాళ్లకి నేను చెప్పుకుంటాలే."

వార్డులో అంజిబాబు సగమైపోయి ఉన్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"మీకెవరు చెప్పేరండీ?"

"మీ సిస్టమే. అందులోకి ఎక్కితే ఎక్కడికీ పోదన్నారుగా."

"టెస్ట్‌వి చెరిపెయ్యమని నేర్పేను కదండీ!"

"మీ పేరు పెట్టి ఉంచేసుకున్నానండి."

అతను కిటికీ వైపు చూస్తూ అడిగాడు. "కొత్తది చూసేరా? ఇక్కడెవరూ సరిగ్గా చెప్పట్లేదండి."

అబద్ధం చెబుదామనే బస్సులో అనుకుంది. తీరా అతని మొహం చూశాక నోరు రాలేదు. "గడ్డ పెరిగిందండి."

"తెలిసే వచ్చేరా?"

"తెలిసే వచ్చేను. ఆ మాటేదో ఇప్పుడు చెప్పండి."

చెప్పబోతే దగ్గు తెర కమ్మేసింది. సత్యశ్రీ అతని వీపు మీద చెయ్యి వేసింది. "ఊపిరి గట్టిగా తీసుకోండి" అంది. రోజూ ఎంతోమందికి చెప్పే మాటే, ఈసారి మాత్రం బిగబట్టమనలేదు.

అతను తీసుకోగలిగినంత తీసుకున్నాడు.

"నన్ను పెళ్లి చేసుకుంటారాండీ?"

గుమ్మంలో పాపాయమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఆయ్," అని తలూపింది సత్యశ్రీ.