రెక్క మీది సీటు

ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చిన తీరు చూసే స్టూడియోలో అందరూ తలలు దించేసుకున్నారు. ఆమె చంకలో చుట్టచుట్టిన పోస్టరు ఉంది. ముఖంలో నవ్వు ఉంది కానీ, అది మర్యాద కోసం తగిలించుకున్న నవ్వని దూరం నుంచే తెలుస్తోంది.

"ఇది చేసిందెవరండీ?" అని అడిగింది.

మూలబల్ల దగ్గర కూర్చున్న పొడుగాటి మనిషి వైపు నాలుగు వేళ్ళు ఒకేసారి లేచాయి. అతన్ని అక్కడ అందరూ స్కేలు అంటారు. అతను గీసిన గీత వెంట్రుకవాసి కూడా పక్కకు పోదు. మనిషీ అలాగే నిటారుగా ఉంటాడు.

ఆమె పోస్టరును అతని బల్లమీద పరిచింది. కొండ మీంచి తెల్లగా దూకుతున్న జలపాతం, దాని కింద లోయనిండా పసుప్పచ్చటి పూలు. స్కేలు తను చేసిన వాటన్నిటిలోకీ దాన్నే గొప్పగా చూసుకునేవాడు.

"ఈ పూలు పూసేది ఎండాకాలంలో. అప్పుడు ఈ జలపాతం సరిగ్గా కట్టని కుళాయిలా కారుతుంది. నీళ్ళు ఇలా దూకేది వానాకాలంలో. అప్పుడు పూలుండవు, మోకాలిలోతు బురద ఉంటుంది. రెండూ ఒకేచోట మీకెక్కడ దొరికాయి?"

"కంప్యూటర్లో," అన్నాడతను నిజాయితీగా.

పక్కబల్ల దగ్గర ఎవరో దగ్గు నటించారు.

ఆమె ఎదురు వీధిలోని ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తుంది. ఏ ఊళ్ళో ఏ నెలలో ఎండో, వానో, పొగమంచో అడిగితే కాగితం చూడకుండా చెబుతుంది కాబట్టి ఆఫీసులో ఆమె పేరు వెదర్ మేడమ్. కిందటి రోజు ఓ కొత్తజంట ఆమె ముందు కూర్చుని పూలేవని నిలదీశారట. పోస్టరు చూసి టికెట్లు కొనుక్కున్నారు. బురదలో కొత్తపెళ్ళికూతురి చెప్పు పోయింది. ఇక్కడికి రావడం ఎవరి ఐడియా అన్నదగ్గర మొదలైన గొడవ ఇంకా తెగలేదు. ఇద్దరూ ఆమెతోనే మాట్లాడారు తప్ప ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

"మీరు ఆ జలపాతం చూశారా?" అని అడిగాడతను.

"మూడుసార్లు. మీరు?"

అతను చూడలేదు. జలపాతమే కాదు, ఆ ఆఫీసు కోసం చేసిన పదకొండు పోస్టర్లలో ఏ ఒక్క చోటూ చూడలేదు. ఆ సంగతి విన్నాక ఆమెకు కోపం పోయి జాలి వేసింది. అతనికి మాత్రం ఆ జాలికన్న కోపమే నయమనిపించింది.

మర్నాటి నుంచి సాయంత్రం ఆఫీసు అయ్యాక ఆమె స్టూడియోకి వచ్చేది. ఒక్కో చోటు ఎలా ఉంటుందో చెప్పేది, అతను గీసేవాడు. కొండలు నీళ్ళలో అద్దంలో చూసుకున్నట్టు కనిపించే సరస్సు ఒకటి ఉంది. కానీ ఆ అద్దం ఉదయం తొమ్మిది వరకే, తర్వాత గాలి లేచి మొత్తం చెరిపేస్తుంది. సముద్రం ఒడ్డున రాతితోరణం ఉంది, కెరటాలు వెనక్కి తగ్గినప్పుడే దాని కిందనుంచి నడవగలం. ఇవన్నీ చెబుతున్నప్పుడు ఆమె చేతులు ఊరుకునేవి కావు. కొండ ఎత్తు చూపించబోయి ఓసారి టీ కప్పు పడగొట్టింది. స్కేలు కొండ గీయడం మానేసి ఆ చేతుల్నే చూస్తూ ఉండేవాడు.

ఒకరోజు వానలో తడిసి వచ్చి, గొడుగు దులిపితే ఆ చినుకులు అతని బొమ్మమీద పడ్డాయి. సరస్సు నీలం అంతా ఒడ్డుమీదికి పాకింది. ఆమె నాలుక కరుచుకుంది.

"ఇప్పుడే బాగుంది," అన్నాడతను.

"అబద్ధం ఆడటం మీకు చేతకాదు," అందామె.

ఆ మాట ఎంత తప్పో వారంలోపే తేలింది.

ట్రావెల్ ఆఫీసు యజమానికి కొత్త బొమ్మలు తెగ నచ్చాయి. వచ్చే నెల పన్నెండుమందితో జలపాతానికి టూర్ వెళుతోందని, వెదర్ మేడమ్ తీసుకెళుతుందని, స్కేలు కూడా వెంట వెళ్ళి కళ్ళారా చూసి గీసుకురావాలని అన్నాడు. విమానంలో గంటా ఇరవై నిమిషాలు అంతే.

స్కేలు గుండెల్లో రాయి పడింది. గాలిలో మేడలు కట్టమంటే ఎన్నయినా కడతాడు కానీ, గాలిలో కూర్చోమంటే అతని వల్లకాదు. దానికి కారణమంటూ ఏమీ లేదు. కాళ్ళకింద ఏమీ లేదన్న ఊహ వస్తే చాలు, చేతికి అందింది గట్టిగా పట్టేసుకుంటాడు. ఈ సంగతి యజమానికైతే చెప్పేవాడేమో. ఎదురుగా ఆమె ఉంది, ముఖం వెలిగిపోతోంది. అందుకని నోటికొచ్చింది అనేశాడు.

"మా బామ్మకి విమానమంటే చచ్చేంత భయమండీ. నేనెక్కుతున్నానంటే పచ్చి మంచినీళ్ళు ముట్టదు."

ఆమె దాన్ని నమ్మింది. అక్కడితో ఆగితే బాగుండేది. పాపం పెద్దావిడ, ఆవిడకి ధైర్యం చెప్పే పూచీ నాది అంది.

అప్పటినుంచి రోజుకో సలహా. వీలైనంత వరకు ఉదయం విమానమే ఎక్కాలి, అప్పుడు గాలి నెమ్మదిగా ఉంటుంది. రెక్క మీది సీటు తీసుకోవాలి, కుదుపులు అక్కడ తక్కువ. ఎక్కేముందు కడుపునిండా తినకూడదు, అలాగని ఖాళీ కడుపుతోనూ పోకూడదు. బూట్లు వదులుగా ఉండాలి. లోపల చలేస్తుంది, ఒక శాలువా చేతికి అందేలా పెట్టుకోవాలి. దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి, టాఫీ చప్పరిస్తూ గుటకలు మింగాలి. ఇవన్నీ బామ్మకి చెప్పమనేది. స్కేలు శ్రద్ధగా పుస్తకంలో రాసుకునేవాడు. మర్నాడు బామ్మ తరఫున కొత్త అనుమానాలతో వచ్చేవాడు.

"రెక్క ఊగుతుంది కదా, విరగదా అని బామ్మ అడగమంది."

"ఊగాలనే అలా చేస్తారని చెప్పండి. చెట్టుకొమ్మ గాలికి ఊగితేనే కదా విరక్కుండా ఉండేది."

"బామ్మ కాస్త కుదుటపడింది," అన్నాడతను ఊపిరి వదులుతూ.

ఒక ఆదివారం పొద్దున ఆమె చెప్పాపెట్టకుండా అతనింటికి వెళ్ళింది, ఆ పెద్దావిడతో నేరుగా మాట్లాడదామని. చేతిలో టాఫీల పొట్లం ఉంది. తలుపు తెరిచే ఉంది. గది మధ్యలో స్టూలు మీద నిలబడి, మునివేళ్ళమీద లేచి, బామ్మ బల్బు మారుస్తోంది.

"ఎవరైతేనేం, ముందు వచ్చి ఈ స్టూలు పట్టుకో అమ్మాయ్," అందావిడ.

ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన మనిషి. కూతురింటికి ఏడుసార్లు విమానంలో వెళ్ళొచ్చింది. కిటికీ సీటు ఇవ్వలేదని ఓసారి కౌంటర్ దగ్గర అరగంట వాదించింది కూడా. విమానమంటే మీకు భయమటగా అని అమ్మాయి అడగ్గానే ఆవిడ చేతిలోని పాత బల్బు జారబోయింది. ఆమాట ఎవరన్నారని అడిగి, సంగతంతా విని, చివరికి ఒక్కటే అంది.

"వాడు చిన్నప్పుడు ఉయ్యాల కూడా నేలకి కాళ్ళు తగిలేలా ఊగేవాడమ్మా."

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. సరిగ్గా అప్పుడే స్కేలు కూరగాయల సంచీతో గుమ్మంలోకి వచ్చాడు. బల్ల మీద టాఫీలు చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వుతున్న ఆమెను చూశాడు. సంచీ గుమ్మంలోనే పెట్టేసి, చెప్పులు విప్పకుండానే తేలు కుట్టిన దొంగలా వెనుదిరిగాడు.

తర్వాత తొమ్మిది రోజులు స్కేలు ఆమె కంటపడలేదు. పూర్తయిన బొమ్మలు వేరేవాళ్ళతో పంపాడు. ఆమె స్టూడియోకి రెండుసార్లు వస్తే రెండుసార్లూ వెనకమెట్ల మీదుగా దిగిపోయాడు. తన నవ్వుకే అతను చిన్నబుచ్చుకున్నాడని ఆమెకు అర్థమైంది. అర్థమయ్యాక ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమంది.

పదోరోజు భోజనాల దగ్గర బామ్మ మొదలుపెట్టింది.

"ఆ పిల్ల నవ్వింది రెండు నిమిషాలురా. ఆ తర్వాత గంటసేపు కూర్చుని నీ గురించే అడిగింది. నువ్వేం తింటావు, ఎందుకంత తక్కువ మాట్లాడతావు, బొమ్మలు ఎప్పటినుంచి వేస్తున్నావు. అడిగిన ముఖం చూస్తే ఎందుకు అడుగుతోందో నాకు తెలీదూ?"

స్కేలు పప్పుగిన్నె ఆవిడ వైపు జరిపాడు.

"భయం ఉన్నందుకు సిగ్గుపడకు. అది నా నెత్తిన రుద్దావు చూడు, దానికి సిగ్గుపడు," అని ఆవిడ చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

ఆ సాయంత్రమే అతను ట్రావెల్ ఆఫీసుకి వెళ్ళాడు. కౌంటర్ వెనక ఆమె ఒక్కతే ఉంది.

"భయం మా బామ్మది కాదండీ."

"తెలుసు."

"అబద్ధం ఆడాను."

"అదీ తెలుసు. నేను నవ్వకుండా ఉండాల్సింది, అది మీకు తెలియాలి," అందామె. టూర్ జాబితా ముందుకు లాక్కుని, "ఇక నాకు తెలియనిది ఒకటే. వస్తున్నారా, లేదా?"

అతను వచ్చాడు. ఉదయం విమానం, రెక్క మీది సీటు, పక్కసీటులో ఆమె. రన్‌వే మీద వేగం అందుకోగానే కళ్ళు మూసుకుని సీటు చెయ్యిని గట్టిగా పట్టుకున్నాడు. మేఘాలు దాటాక బెల్టు లైటు ఆరిపోయింది.

"ఇప్పుడు నా చెయ్యి ఇస్తే, టూర్ వాళ్ళని ఓసారి పలకరించి వస్తాను," అందామె మెల్లగా.

అతను కళ్ళు తెరిచి చూసుకున్నాడు. పట్టుకున్నది సీటు చెయ్యి కాదు. ఆమె వేళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

దారిలో కుదుపులు వచ్చాయి. పై అరల్లో సామాన్లు కటకటలాడాయి. స్కేలు ముఖం పాలిపోయింది, అయినా ఆమె వైపు తిరిగి, మీతో ఒక మాట చెప్పాలి అన్నాడు.

"ఇప్పుడు వద్దు," అందామె. "గాల్లో చెప్పిన మాటలు నేను నమ్మను. ఓసారి ఒకాయన ఇలాగే కుదుపుల్లో ఆస్తంతా దానం చేసేస్తానన్నాడు. దిగాక పక్కాయనకి పేపరు కూడా చదవడానికి ఇవ్వలేదు. ఏదైనా నేలమీద చెప్పండి."

నేలమీద చెప్పడానికి చోటు దొరికేసరికి మధ్యాహ్నమైంది. జలపాతం ముందు నిలబడితే స్కేలుకి ముందు బొమ్మ సంగతే గుర్తురాలేదు. అంత నీరు అంత ఎత్తునుంచి పడుతుంటే కాళ్ళకింద రాయి సన్నగా వణుకుతోంది. తుంపర ముఖానికి తగిలి, కనుబొమల మీంచి కారుతోంది. పక్కనే ఆమె జుట్టునిండా నీటి ముత్యాలు. అతను చెప్పాల్సింది చెప్పాడు. ఆ హోరులో ఏమిటన్నట్టు ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టింది. మళ్ళీ చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మూడోసారి గొంతు చించుకున్నాడు. పన్నెండుమందీ వెనక్కి తిరిగి చూశారు.

ఆమె అతని చెవి దగ్గరికి వంగింది.

"మొదటిసారే వినిపించింది," అంది నవ్వుతూ.

కానీ వెంటనే ఆ నవ్వు తగ్గిపోయింది. అతన్ని హోరుకి దూరంగా తీసుకెళ్ళి అసలు సంగతి చెప్పింది. వచ్చే నెలనుంచి యజమాని ఇక్కడ ఆఫీసు తెరుస్తున్నాడు. ఏడాదిపాటు ఆమె ఇక్కడే ఉండాలి. బస్సులో అయితే రెండురోజుల దారి.

"మీరు వస్తారని తెలుసు. పళ్ళు బిగించుకునైనా వస్తారు. కానీ నన్ను చూడటానికి ప్రతిసారీ ఇంత నరకం పడితే, కొన్నాళ్ళకి నన్ను చూస్తే మీకు ఆ భయమే గుర్తొస్తుంది. అది నాకిష్టం లేదు."

పడితే పడతాను అందామనుకున్నాడు. కానీ ఆమె చెప్పింది తీసేయదగ్గ మాట కాదు. తిరుగు ప్రయాణంలో ఇద్దరూ కిటికీలోంచే చూశారు.

ఆమె వెళ్ళిపోయింది. ఫోన్లో మాట్లాడుకునేవారు కానీ, ఆ విషయం ఇద్దరూ ఎత్తేవారు కాదు. స్కేలు మాత్రం ఊరుకోలేదు. ఆమెకు చెప్పకుండా దగ్గరి ఊళ్ళకి, అరగంటలో దిగిపోయే విమానాలు ఎక్కడం మొదలుపెట్టాడు. మొదటిసారి దిగాక విమానాశ్రయం బెంచీమీద గంటసేపు కూలబడ్డాడు. రెండోసారి పావుగంటలో లేచాడు. మూడోసారి పక్కసీటులో ఏడుస్తున్న పసివాడికి విమానం బొమ్మ గీసిచ్చాడు. వాడు ఊరుకున్నాడు, అతని గీతా పక్కకు పోలేదు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే బామ్మ టీవీలోంచి కళ్ళు తిప్పకుండానే, మరి అసలు టికెట్ ఎప్పుడు కొంటున్నావంది.

మూడోనెల రెండో శనివారం వెదర్ మేడమ్ కొత్త టూర్ వాళ్ళకోసం అట్టముక్క పట్టుకుని విమానాశ్రయం గుమ్మంలో నిలబడి ఉంది. వచ్చేవాళ్ళలో అందరికన్నా పొడుగ్గా ఓ తల కనిపించింది. జుట్టు ఒకవైపు అణిగిపోయి ఉంది. చెంపమీద సీటుకుట్టు అచ్చు నిలువునా పడింది. ఆమె అట్టముక్క దించేసింది.

దగ్గరికొచ్చాక చాలాసేపు ఆ చెంపనే చూసింది.

"నిద్రపోయావా?"

ఇన్నాళ్ళూ మీరు అన్న మనిషి నువ్వు అనేసిందని ఇద్దరికీ ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది.

"పూర్తిగా. దిగేముందు పక్కాయన లేపాడు," అన్నాడతను.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కనిపించకుండా పక్కకు తిరిగి, మీ బామ్మగారు రాత్రే చెప్పేశారంటూ ఫోన్ తీసి, ఎవరికో చేసి, "వచ్చారు నాన్నా, మాట్లాడండి," అంటూ అతని చేతిలో పెట్టేసింది. అంతెత్తు నుంచి నిద్రలో దిగివచ్చిన మనిషి ఇప్పుడు ఆ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

ప్రయాణం ఎలా జరిగిందని అవతలి గొంతు అడిగింది. బాగా జరిగిందండీ అన్నాడు స్కేలు.

"అయితే వెళ్ళేటప్పుడు మా ఊరి మీదుగా టికెట్ తీసుకో బాబూ. సంబంధం మాట్లాడటానికి మీ బామ్మగారు రేపు పొద్దుటి విమానానికే వస్తున్నారు. కిటికీ సీటు దొరికిందని ఇందాకే ఫోన్ చేశారు."