వియ్యపురాలి కార్డు

ఆసుపత్రి బీమా కౌంటరులోని అమ్మాయి కార్డును రెండుసార్లు చూసి తిరిగి ఇచ్చేసింది. ఇందులో మీ అత్తమామల పేర్లే ఉన్నాయి, అమ్మగారి పేరు లేదు అన్నది మెల్లగా. ఆ సంగతి హైమకు తెలియనిది కాదు... తెలిసీ, ఏదైనా దారి చూపిస్తారేమోనని వచ్చింది. తల్లి కడుపులోని గడ్డకు నెలలోపు ఆపరేషన్ చేయాలన్నాడు డాక్టరు. పేర్లు మార్చడానికి హైమ కంపెనీ వచ్చే ఏప్రిల్ వరకూ ఒప్పుకోదు. ఇంకా ఎనిమిది నెలలు!

కన్నవాళ్లో, అత్తమామలో, ఎవరో ఒకరినే రాయమన్నది పోయిన ఏప్రిల్లో కంపెనీ ఇచ్చిన బీమా ఫారం. నింపేముందు రాయపురంలో ఒంటరిగా ఉంటున్న తల్లికి ఫోన్ చేసింది. పెళ్లయిన పిల్ల ముందు మెట్టినింటిని చూడాలి, నాకేం, గుండ్రాయిలా ఉన్నానని వరదలక్ష్మి నవ్వింది. అప్పటికే మూడు నెలలుగా తిన్నది ఇమడటం లేదని ఆ తల్లి చెప్పలేదు... కూతురు గుచ్చి అడగనూలేదు. ఆ నవ్వును నమ్మడమే హాయిగా ఉండి, నమ్మేసింది.

తల్లిని వెంటబెట్టుకుని మాధవరంలోని ఇంటికి వచ్చేసరికి, సంగతి ఫోనులో విన్న అత్త కన్నియమ్మ తన ఆధార్ తీసి సిద్ధంగా పెట్టుకుంది.

"వదినా, నా పేరు చెప్పి చేరిపో. ఇద్దరిదీ ఒకటే వయసు. దీంట్లో ఫొటో చూస్తే నన్ను నేనే గుర్తుపట్టలేను, ఆసుపత్రోళ్లేం పడతారు?"

అది తప్పని, బయటపడితే ఉద్యోగం పోతుందని హైమకు తెలుసు. అయినా ఆశగా తల్లి వైపు చూసింది.

వరదలక్ష్మి వియ్యపురాలి చేయి పట్టుకుంది.

"బాగుపడి వస్తే సరే వదినా. ఆడనే పోతే? పోయింది కన్నియమ్మ అని రాసిస్తారు. నువ్వు ఈడ నిక్షేపంగా ఉండంగా, నీ కొడుకు చేతికి నీ చావు కాగితం వస్తాది. నా బిడ్డకు తల్లి పోయినట్టు యాడా ఉండదు... వద్దు."

కన్నియమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

"అమ్మా, ఆరోజు నీ పేరు రాసుంటే..."

"రాయొద్దన్నది నేనే కదమ్మా."

మరునాడు ప్రభుత్వాసుపత్రిలో మధ్యాహ్నం దాకా వరుసలో నిలబడ్డారు. ఆపరేషన్‌కు నాలుగు నెలల తర్వాతి తేదీ వేసి చీటీ ఇచ్చారు. వరదలక్ష్మి దాన్ని చదివి, మడిచి కొంగున ముడేసుకుంది. కూతురి భుజం మీద చేయి వేసి, బరువంతా మోపి మెట్లు దిగింది... ఆ బరువు అంత తక్కువని హైమకు ఆరోజే తెలిసింది.