కోడలి కొత్త మర్యాద

పొద్దున్నే పప్పులో ఉప్పెక్కువైందని జయమ్మ కేకేసింది. ఇదివరకైతే కోడలు సౌభాగ్య "మీరే వేసిన్రు గద!" అని తిప్పికొట్టేది. ఇవాళ చిరునవ్వుతో, "ఉప్పెక్కువైందంటున్నారు. జీ అత్తమ్మా, ఇప్పుడే చూస్తాను" అంది.

జయమ్మ కంచం పక్కకు నెట్టింది. ఈ పంతొమ్మిది వందల యాభై మూడులోనే సౌభాగ్య ట్రైనింగ్ ముగించి, ఆబిడ్స్‌లోని టెలిఫోన్ ఆఫీసులో లైన్లు కలిపే ఆపరేటరుగా చేరింది. అప్పటినుంచీ ఇదే వరస. ఏమన్నా నవ్వే, అన్న మాటే తిరిగి అప్పజెప్పడమే. నిన్న గోడకేసి తిరిగి, తనలో తాను "జీ, జీ" అనుకుంటూ కంటబడింది కూడా. నాంపల్లిలోని ఆ చిన్న ఇంట్లో అత్తాకోడళ్ల కీచులాట లేకుండా అంతకుముందు ఏనాడూ తెల్లవారలేదు. ఉన్నట్టుండి ఈ మర్యాద దేనికి? పక్కింటి పూలమ్మ కోడలూ ఇలాగే తేనె పూసినట్టు మాట్లాడి, నెల తిరక్కుండా మొగుణ్ణి తీసుకుని కాచిగూడలో వేరు కాపురం పెట్టింది. జయమ్మకున్నది ఒక్కడే కొడుకు, ప్రహ్లాద్. వాడు లేని ఇంటిని ఆమె ఊహించుకోలేకపోయింది.

ప్రహ్లాద్ స్నానానికి వెళ్లగానే ఆమె వంటింటి గడపకు అడ్డంగా నిలబడింది.

"నిజం చెప్పు. కిరాయికి ఇల్లు ఏడ చూసిన్రు?"

"ఇల్లెక్కడ చూశామని అడుగుతున్నారు. జర ఆగండి..."

"నా ముందర నాటకాలొద్దు! మొగుణ్ణి ఎగరేసుకపొమ్మని మీ అమ్మ నేర్పిందా?"

సౌభాగ్య "జీ..." అనబోయి, పీట మీద కూలబడి బావురుమంది.

"మా అమ్మ మాటెందుకు తీస్తరు అత్తమ్మా? ఆఫీసుల మొదటి రోజే ఎవరో ఫోన్ల తిడితే ఎదురు మాట్లాడిన. ఇంకోసారి గట్లయితే నౌకరి ఉండదన్నరు. ఎవరేమన్నా నవ్వుకుంట, వాళ్లన్నది మళ్ల చెప్పి, మర్యాదగ జవాబియ్యాలని ట్రైనింగ్‌ల చెప్పిన్రు. గదే ఇంట్ల అలవాటు చేసుకుంటున్న. మీ లెక్క తిట్టేటోళ్లు పట్నంల ఇంకెవరున్నరు? మీ దగ్గర తట్టుకుంటే యాడనైనా తట్టుకుంట!"

జయమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. పక్కన కూర్చుని కొంగుతో కోడలి కళ్లు తుడిచింది.

"మీ అమ్మనన్న నా నోరు పడిపోను! పొద్దున నేను తిడత, నువ్వు జీ అను. మంచిగ నేర్చుకో బిడ్డా. పొద్దుమీకి ఇంటికొచ్చినంక మాత్రం నాతోని గా ఆఫీసు మాట మాట్లాడకు. నాకు భయమైతది."

ఆ సాయంత్రం సౌభాగ్య గడపలో కాలు పెట్టేసరికి జయమ్మ ఎదురొచ్చింది.

"ఏంది, గింత ఆలస్యం?"

"ఆబిడ్స్ నుంచి నడిచొచ్చిన. ఎగిరొస్తరా ఎవరన్న?"

జయమ్మ చటుక్కున వంటింట్లోకి తిరిగింది. కళ్లు తుడుచుకుని, కోడలికి చాయ్ పెట్టింది.