చివరి వంతు ఎల్లంతకుంటది

జగిత్యాల పాత బస్టాండు దగ్గరున్న ఆ జిరాక్స్ షాపులో మిషను పనిచేయక నాలుగేళ్లయింది. అయినా షాపు రోజూ తొమ్మిదింటికల్లా తెరుస్తారు. ఎందుకు తెరుస్తారని ఊళ్లో ఇంతవరకు ఒక్కరికీ అనుమానం రాలేదు. గూఢచారి విభాగానికి అంతకన్నా మంచి అడ్రసు ఎక్కడ దొరుకుతుంది?

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు శ్రీవాణి చీరల మూట చంకన పెట్టుకుని లోపలికొచ్చింది.

"ఆధార్ కార్డు కాపీ కావాలె."

"రెండు దిక్కులా?" అన్నాడు కౌంటరు దగ్గరి మనిషి.

"వెనక దిక్కు ఒక్కటే చాలు."

లోకంలో ఎవరూ అడగని కోరిక అది. కోడ్ కుదిరింది. అతను తెర పక్కకు తీశాడు.

లోపల స్టేషన్ చీఫ్ ప్రభాకర్ బ్లాక్ టీ తాగుతున్నాడు. ఆయన కట్టుకున్న భార్యను తప్ప ఎవరినీ నమ్మడని విభాగంలో అనుకుంటారు. ఆమెనూ పూర్తిగా నమ్మడని కొందరంటారు.

"కూసో. ఐదింటిదాకనే టైముంది," అన్నాడు. "గల్ఫ్‌ల ఒక దేశం ఆమ్నెస్టీ ఇచ్చింది. కంపెనీల నుంచి పారిపోయి, కాగితాలు లేకుండ దాక్కొని పనిచేసేటోళ్లు పేరు రాయించుకుంటే జైలుకు పంపకుండ ఇంటికి పంపుతరు. ఇయ్యాల్నే ఆఖరు. కోరుట్లల అబ్రార్ అని ఒకడు వెబ్‌సైట్ పెట్టిండు. మన జిల్లాలోళ్లంత అండ్లనే పేరు, పాస్‌పోర్ట్ నంబరు నింపుతున్నరు. ఐదు కొట్టంగనే ఆ లిస్టు ఎంబసీకి పోతది."

"మంచి పనే గద సార్."

"మంచి పనే. అందుకే బ్లూ లాంతర్ కన్ను పడ్డది."

బ్లూ లాంతర్ విదేశీ ముఠా. నిజమైన పాస్‌పోర్ట్ నంబర్లు దొంగిలించి, వాటితో దొంగ పాస్‌పోర్టులు చేసి నేరగాళ్లకు అమ్మడం వాళ్ల వృత్తి. రేపు ఏ హంతకుడో రుద్రంగి రైతు నంబరుతో విమానం ఎక్కుతాడు. ఆ రైతేమో ఎయిర్‌పోర్టులో బేడీలతో నిలబడతాడు.

"మనకు లోపల మనిషి ఉంది. సౌమ్య. రెండేండ్ల సంది ఆ ముఠాల దూరి మనకు కబుర్లు పంపుతున్న డబుల్ ఏజెంట్. కోరుట్లకే వస్తది. ఆమె చెప్పినట్టు చెయ్. అబ్రార్ మీద కన్నేసి ఉంచు. తాళాలన్ని వాని దగ్గర్నే ఉన్నయి."

ప్రభాకర్ మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్ ముందుకు తోశాడు. పై రెండింట్లో పులిహోర, పప్పు. కింది గిన్నెలో ఏ రిక్వెస్టు ఏ మూల నుంచి వస్తుందో పట్టిచ్చే ట్రేసర్.

"ఒక మాట. ఆ లిస్టుల నీ సొంతోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"లేరు సార్."

అబద్ధం. ఆమె తమ్ముడు మహేశ్ నాలుగేళ్ల కింద జీతమివ్వని కంపెనీ నుంచి పారిపోయి, గల్ఫ్ వాళ్ల మాటలో ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి, అయ్యాడు. ఈ రోజు పేరు పడకపోతే మళ్లీ ఎప్పటికో. ఉన్నాడని చెబితే ఈ మిషన్ ఇంకొకరికి పోతుంది. ఆ ఇంకొకరికి మహేశ్ ఒక నంబరు మాత్రమే. అందుకే ఆ అబద్ధం.

*

కోరుట్లలో అబ్రార్ ఇల్లు మేడ మీద. ముప్పై ఏళ్ల మనిషి, నిద్రలేక కళ్లు లోతుకు పోయాయి. వచ్చింది ఆఫీసరని తెలిసినా, తెచ్చిన చీరలు చూడకుండా ఊరుకోవడం అతని తల్లి వహీదాబీ వల్ల కాలేదు.

"గీ రంగు ఉతికితే ఆగుతదా బిడ్డా?"

"ఆగుతది ఖాలా."

వహీదాబీ గొంతు తెలియని గల్ఫ్ కార్మికుల క్యాంపు లేదు. ఎవరింట్లో పాప పుట్టినా, ఎవరి బర్రె తప్పిపోయినా ఆమె వాయిస్ మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో సముద్రం దాటి తీరాల్సిందే.

రెండున్నరకు తెల్ల కారు ఆగింది. ముందు సెంటు వాసన మెట్లెక్కింది, తర్వాత సౌమ్య ఎక్కింది. నల్ల పట్టుచీర, నల్ల గాగుల్స్, ఎర్ర లిప్‌స్టిక్.

"హైదరాబాద్ నుంచి నేరుగా వస్తున్నాను. రోడ్డంతా దుమ్ము," అంది.

శ్రీవాణి ఆమె కొప్పు వైపు చూసింది. జడపిన్ను చుట్టూ తెల్లటి నూలు నూగు. శ్రీవాణి సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పుట్టింది. ఆ మరమగ్గాల షెడ్డులో గంట నిలబడితే తలకు పట్టే నూగు అది. చిన్నప్పుడు రోజూ సాయంత్రం తల్లి రత్నమాల దువ్వి తీసేది. హైదరాబాద్ రోడ్డు మీద ఆ నూగు ఎక్కడిది? మనసులో ముడి వేసుకుంది.

సరిగ్గా మూడింటికి సైట్ ఊపిరాడక కొట్టుకోవడం మొదలుపెట్టింది.

అప్పటిదాకా నిమిషానికి ముప్పై మంది. ఒక్కసారిగా మూడు వేలు. పేజీ తెరుచుకోవడం మానేసి 'సర్వీస్ అన్‌అవైలబుల్' అంటూ తెల్లమొహం వేసింది. అబ్రార్ ఫోటోలు తీసేశాడు, బొమ్మలు తీసేశాడు, ఒట్టి అక్షరాలే మిగిల్చాడు. లాభం లేదు. సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే, మీ కాల్ మాకెంతో ముఖ్యమని ఒక టేపు ఇరవై నిమిషాలు పాడింది.

ప్రభాకర్ ఫోన్ చేశాడు. "అన్ని బయటి దేశం అడ్రసులే. అటాక్ గిది. మొత్తం బ్లాక్ చెయ్."

"బ్లాక్ చేస్తే మనోళ్లు కూడా బయటనే ఉంటరు సార్."

"నీకెందుకంత పట్టింపు?"

సౌమ్య గాగుల్స్ తీసి స్క్రీన్ మీద వేలు పెట్టింది.

"ఇది చూడండి. ఒకే అడ్రస్ నుంచి నాలుగు వందల రిక్వెస్టులు. మనుషులు ఇలా చేయరు. పైగా సరిగ్గా మూడింటికి మొదలైంది. లోపలి మనిషి చెప్పకుండా ఇంత లెక్కగా ఎలా కుదురుతుంది, అబ్రార్?"

అబ్రార్ మొహం పాలిపోయింది. "నేనేం చేసిన అక్కా?" అన్నాడు శ్రీవాణి వైపు తిరిగి. నిజానికి ఆ క్షణంలో ఆమెకూ అతని మీద అనుమానం వచ్చింది.

వహీదాబీ చీర మడత పక్కన పెట్టింది.

"లెక్క నేను చెప్తా. మన మూడంటే అక్కడ పన్నెండున్నర. జుమ్మా నమాజ్ అప్పుడే అయిపోతది. వారంల గా ఒక్క పూటనే సెలవు వాళ్లకు. క్యాంపుకొచ్చి ఫోన్లు పట్టుకుంటరు. క్యాంపంతటికి ఒకటే వైఫై. ఒక్క ఫోన్ల ఇరవై మంది నింపుతరు. ఫోన్ ఎవనిదో వాడు ఆఖర్న నింపుకుంటడు. అది అక్కడి మర్యాద."

శ్రీవాణికి సిగ్గేసింది. అబ్రార్ కళ్లలోకి చూడలేకపోయింది.

"సరే, కొందరు మనుషులే అనుకుందాం," అంది సౌమ్య తొణక్కుండా. "మిగతావి మిషన్లు. వేరు చేసే దారి లేదు. నా దగ్గర పెద్ద సర్వర్ సిద్ధంగా ఉంది. లిస్టు మొత్తం అక్కడికి మార్చేద్దాం. ఇరవై నిమిషాల పని."

నాలుగుంబావు దాటింది. ప్రభాకర్ ఒప్పుకున్నాడు. అబ్రార్ తాళం టైప్ చేశాడు. సౌమ్య లాప్‌టాప్‌లో కాపీ మొదలైంది. సీలు వేసిన పెట్టె లాంటి ఫైలు అది. పూర్తిగా చేరితే గాని తెరుచుకోదు. చేరితే మాత్రం వేల మంది నంబర్లు ఒక్క దెబ్బకు బయటపడతాయి.

ఒక శాతం. మూడు శాతం.

శ్రీవాణి వహీదాబీ చెవి దగ్గర వంగింది. "ఖాలా, నీ మాట క్యాంపులల్ల వింటరా?"

"వినక ఎక్కడ పోతరు?"

"మండలం వారీగ వంతులు పెట్టు. ముందు రుద్రంగి. తర్వాత గొల్లపల్లి, కోరుట్ల, సిరిసిల్ల. వంతు రానోళ్లు ఫోన్ ముట్టొద్దని చెప్పు." ఒక్క క్షణం ఆగింది. "ఎల్లంతకుంట చివర్న పెట్టు."

మహేశ్ పాస్‌పోర్టులో ఉన్నది తండ్రి సొంతూరున్న ఎల్లంతకుంట మండలం. వంతులు పెట్టినామె తన ఇంటి మండలాన్ని ముందు పెట్టుకుందని రేపు ఎవరూ అనకూడదు.

వహీదాబీ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. "అరే బేటా, వహీదాబీని మాట్లాడుతున్న. అందరు ఒక్కసారి తోసుకుంటే తలుపు ఇరుగుతది. ఇప్పుడు ఒక్క రుద్రంగోళ్లే నింపాలె. మిగిలినోళ్లు ఫోన్ జేబుల పెట్టుకొని చాయ్ తాగుండ్రి. నేను పిలుస్తా."

నాలుగు నిమిషాలు. పొంగే పాల మీద నీళ్లు చల్లినట్టు గ్రాఫ్ దిగడం మొదలుపెట్టింది. మూడు వేలు రెండు వేలైంది. రెండు వేలు పదిహేను వందలైంది. అక్కడ ఆగిపోయింది. ఎంతకూ దిగదు.

శ్రీవాణి ఆ గీత వైపే చూసింది. గల్ఫ్‌లో ఉన్న మన మనిషెవరూ వహీదాబీ మాట జవదాటడు. మరి రుద్రంగోళ్లు పోను, వినని ఈ పద్నాలుగు వందల పైచిలుకు ఎవరు? ఆమె గొంతు ఎన్నడూ విననివాళ్లు. చాయ్ తాగడం రానివాళ్లు.

టిఫిన్ క్యారియర్ కింది గిన్నె మూత తీసింది. ట్రేసర్ ఆ రిక్వెస్టుల తోక పట్టుకుని దేశాలన్నీ తిరిగింది, చివరికి ఇంటికే వచ్చింది. సిరిసిల్లలో ఒక మరమగ్గాల షెడ్డు కనెక్షన్. సౌమ్య కాపీ చేస్తున్న పెద్ద సర్వర్ అడ్రస్ ఏమిటో చూసింది. అదే షెడ్డు.

దాడి చేసేదీ వాళ్లే, కాపాడతామని వచ్చిందీ వాళ్లే.

"మీ సర్వర్ ఎక్కడుంది సౌమ్యా?" అని మామూలుగా అడిగింది.

"హైదరాబాద్‌లో."

"మరి తలల నూగు సిరిసిల్లదెట్ల?"

సౌమ్య చేయి తెలియకుండానే కొప్పు మీదికి వెళ్లింది. తొంభై నాలుగు శాతం. తొంభై ఐదు. శ్రీవాణి ట్రేసర్‌లో ఆ షెడ్డు అడ్రస్ కొట్టి, అక్కడ బయల్దేరేవన్నీ ఆగేలా 'బ్లాక్' నొక్కింది.

గ్రాఫ్ దభీమని పడింది. అదే క్షణంలో సౌమ్య లాప్‌టాప్‌లో కాపీ తొంభై ఆరు దగ్గర ఆగిపోయింది. రెండింటికీ తలుపు ఒకటే మరి.

"తెలివిగలదానివే," అంది సౌమ్య. ఆమె చేతిలోని లిప్‌స్టిక్ కొన నుంచి సన్నటి గొట్టం బయటికొచ్చింది. "బ్లాక్ తీసెయ్. లేదంటే ముందు అబ్రార్ పోతాడు."

ఆమె గొట్టాన్ని అబ్రార్ వైపు తిప్పేలోపు వెనక నుంచి ఆరు గజాల చీర ఆమె తల మీద పడింది. వహీదాబీ రెండు కొసలూ పట్టుకుని గట్టిగా గుంజింది. తూటా సీలింగ్ ఫ్యానుకు తగిలింది.

"నా కొడుకునా?" అంది వహీదాబీ, ముడి వేస్తూనే.

శ్రీవాణి పంపిన అడ్రస్ పట్టుకుని వెళ్లిన టీమ్ మనిషి సాంబయ్య సిరిసిల్ల నుంచి ఫోన్ చేశాడు. "షెడ్డు దొరికింది మేడం. సాంచాలు నడుస్తున్నయి గని ఒక్కదానికి పోగు లేదు. సర్వర్ల చప్పుడు వినపడకుండ నడిపిస్తున్నరు."

*

ఈ రభసలో పద్నాలుగు నిమిషాలు పోయాయి. గొల్లపల్లి, కోరుట్ల, సిరిసిల్ల వంతులు ఉరుకులు పరుగుల మీద పూర్తయ్యాయి. నాలుగు యాభై నాలుగుకు వహీదాబీ ఎల్లంతకుంటను పిలిచింది. ఇక ఆరు నిమిషాలే.

పేర్లు పడుతున్నాయి. నాలుగు యాభై ఆరుకు ఒక కొత్త పేరు. పక్కన ఫోన్ నంబరు చూసి శ్రీవాణి కుర్చీ అంచు పట్టుకుంది. మహేశ్ నంబరే. పేరు మాత్రం ముత్యం అనే ఇంకెవరిదో.

మళ్లీ అదే నంబరు, ఇంకో పేరు. మళ్లీ ఇంకొకరు. పది మంది. పదిహేను మంది. నాలుగు యాభై ఎనిమిది.

"నీది నింపుకోరా," అంది పైకే. అబ్రార్ ఆమె వైపు వింతగా చూశాడు. వహీదాబీ చూసింది, అర్థం చేసుకుంది, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"వాని ఫోనా బిడ్డా?"

శ్రీవాణి తలూపింది. కళ్లు నిండాయి. తమ్ముడి మీద కోపం, గర్వం రెండూ ఒకేసారి వచ్చాయి. వాడు చిన్నప్పుడు తినే పళ్లెం దగ్గరా అంతే, అందరి తర్వాతే.

పంతొమ్మిది మంది అయ్యారు. నాలుగు యాభై తొమ్మిది. చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది.

'మహేశ్. తండ్రి రాజలింగం. ఎల్లంతకుంట.'

ఐదు కొట్టింది. అబ్రార్ 'సెండ్' నొక్కాడు. లిస్టు ఎంబసీకి చేరింది. శ్రీవాణి మొహం కప్పుకుని కాసేపు ఏడ్చింది.

ఆరింటికి ప్రభాకర్ ఫోన్ వచ్చింది.

"మంచిగ చేసినవ్. సౌమ్యను నమ్మింది నా తప్పే. గని నీ ఆన్‌లైన్ రిపోర్టుల ఒక కాలమ్ ఖాళీగ ఉన్నది. 'మిషన్‌తో వ్యక్తిగత సంబంధం'. లిస్టుల ఆఖరు పేరు కూడ చూసిన. తండ్రి పేరు రాజలింగమట."

శ్రీవాణి టిఫిన్ క్యారియర్ పై గిన్నె తెరిచి, చల్లారిన పులిహోర ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"సర్వర్ బిజీగ ఉంది సార్. వంతు రాంగనే నింపుత."