ఏడు దారులూ కారెంపూడి మీదుగానే

ఆ ఏడాది నా సైకిలుకి ఎనిమిది పంచర్లు పడ్డాయి. వాటిలో నిజమైనది ఒక్కటే.

నా పేరు హబీబు. నరసరావుపేటలో మాకు పరుపుల కొట్టు ఉంది. యుద్ధం ముగిసిన మరుసటేడు, అంటే నలభై ఆరులో, టైర్లు మళ్ళీ దొరకగానే మా ఊళ్ళో సైకిలు యాత్రా సంఘం అని ఒకటి పెట్టారు. సభ్యులు ఐదుగురు, సైకిళ్ళు మూడు. ప్రెసిడెంటు వీరాంజనేయులు గారికి సైకిలు తొక్కడం రాదు. ఊళ్ళోనే ఉంటారు కదా అని ఆయన్నే ప్రెసిడెంటు చేశాం.

పల్నాటి కొండలూ, కృష్ణ ఒడ్డు పల్లెలూ సైకిలు మీద చూడాలంటే ఏ దారిన పోవాలి, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, ఎక్కడ దిగి నడవాలి, ఇవన్నీ రాసి పుస్తకం వేయాలని సంఘం తీర్మానించింది. దారులు ఏడు. తిరిగి రాసే పని నాకు అప్పజెప్పారు. పెళ్ళికానివాణ్ణి నేనొక్కణ్ణే మరి.

వైశాఖంలో మొదటి దారికి బయల్దేరాను. కారెంపూడికి రెండు మైళ్ళ ముందు తుమ్మముల్లు దిగింది. అదే ఆ నిజమైన పంచరు. అట్లాగే తొక్కుకుంటూ పోయి మౌలాలీ సైకిలు షాపు ముందు దిగాను.

మౌలాలీ పెద్దాయన. టైరు ఊడదీసి, ట్యూబు లాగి, దాన్ని గోడకి కట్టిన గోనెపట్టా వెనక్కి అందించాడు. తర్వాత నింపాదిగా కూర్చుని బీడీ ముట్టించాడు. పట్టా వెనక నీళ్ళ తొట్టి చప్పుడయింది.

"నాయనా, గాలి పోయినాక ఎంత దూరం తొక్కాడో ఆయన్నడుగు," అంది ఒక ఆడగొంతు.

"ఎంత దూరం తొక్కావబ్బాయ్?" అన్నాడు మౌలాలీ.

"రెండు మైళ్ళు."

"రెండు మైళ్ళంట అమ్మాయ్."

"దిగి నడిపించుకొస్తే కాళ్ళరిగిపొయ్యేయా అని అడుగు."

మౌలాలీ అడగబోయాడు. వినపడిందని చెప్పాను.

సంగతేమిటంటే, మౌలాలీకి నాలుగేళ్ళుగా చూపు మందగించింది. పంచర్లన్నీ వేసేది ఆయన కూతురు మైమూనా. ఆడపిల్ల చేతికి సైకిలిస్తే ఊళ్ళో పరువు పోతుందని జనం బాధ. అందుకని సైకిలు తీసుకునేది మౌలాలీ, బాగుచేసేది గోనెపట్టా. ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనట్టు అందరూ బాగా నటిస్తారు.

ట్యూబు తిరిగిస్తూ ఆ పిల్ల పట్టా కొంచెం పక్కకి జరిపింది. ముక్కు మీద ప్యాచీ అంటించే సొల్యూషన్ మరక. నన్ను ఎగాదిగా చూసి పట్టా వదిలేసింది. నేను నరసరావుపేటలో చానామంది ఆడపిల్లల్ని చూశాను. ఎవర్ని చూసినా పంపు ఎటు తిప్పి పట్టుకోవాలో మర్చిపోలేదు. ఆ రోజు మర్చిపోయాను.

"ఈ ట్యూబు యాడిదాకా పోతదో అడుగు నాయనా."

"సత్రశాల దాకా. కృష్ణ ఒడ్డుకి," అన్నాను నేనే.

పట్టా అంచు కాస్త కదిలింది.

"కృష్ణ ఎట్టా ఉంటదో అడుగు. నా చేత్తో ఏసిన ట్యూబులన్నీ చూసొచ్చినయ్, నేను చూళ్ళేదు."

ఇరవై మైళ్ళ దూరంలో ఏరు. పుట్టి ఇరవై ఏళ్ళు. నాకు మనసు చివుక్కుమంది. ఎంతో అందంగా చెప్పాలనుకుని, "వెడల్పుగా ఉంటుంది," అన్నాను.

"అబ్బో," అంది పట్టా.

రెండో దారి పిడుగురాళ్ళ మీదుగా పొందుగుల పోవాలి. కారెంపూడి ఆ దారిలో లేదు. అయినా పోయాను. ఊరికి ఫర్లాంగు దూరంలో దిగి, పరుపులు కుట్టే దబ్బనం జేబులోంచి తీసి టైరులో గుచ్చాను. మూడో దారికీ అంతే, నాలుగో దారికీ అంతే. పోయినప్పుడల్లా ఆ పిల్ల వాళ్ళ నాయన ద్వారా ఏదో ఒకటి అడిగేది. దైదలో గుహ లోపల చీకటేనా, తంగెడ కోట గోడెక్కితే ఏరు కనపడతదా, పడవ మీద సైకిలెక్కిస్తే ఒరిగిపోదా. నేను చెప్పేవాణ్ణి. వచ్చేటప్పుడు చెప్పడానికని పోయేటప్పుడు అన్నీ జాగ్రత్తగా చూసేవాణ్ణి. నా పుస్తకం బాగా రావడానికి కారణం అదే.

ఏడో దారికి బయల్దేరేసరికి ఆషాఢం వచ్చింది. కారెంపూడి చేరేసరికి వాన దంచి కొడుతోంది.

"ఈసారి ఏం దిగిందో అడుగు నాయనా."

"పల్లేరు కాయ," అన్నాను.

"పల్లేరు ఇప్పుడే మొలకలేస్తంది. కాయ కాసి ఎండేసరికి కార్తీకమైద్ది. ఈయనొక్కడికే ముందుగా యాడ దొరికిందంటా?"

మౌలాలీ నా వైపు చూశాడు. నేను వాన వైపు చూశాను.

"ముల్లు దిగితే కంత చీలి ఉంటది. ఇది గుండ్రంగా ఉంది. దబ్బనం. మొదటిసారి తప్ప అన్నిసార్లూ దబ్బనమే."

"మీది పరుపుల కొట్టు గదా అబ్బాయ్?" అన్నాడు మౌలాలీ.

"అవును మామా."

"సైకిలు తొక్కుతా గూడా కుడతావా?"

చెప్పాల్సిన మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది. వానలోనే బయల్దేరి ఇంటికొచ్చి మూడు రోజులు జ్వరంతో పడుకున్నాను. మా అమ్మ వానవల్లే అనుకుంది.

నాలుగో రోజు మళ్ళీ పోయాను. ఎనిమిదోసారి. పంచరు మాత్రం మానలేదు, అలవాటైపోయింది.

"శుక్రవారం మాచర్లనుంచి గులాం మొహిద్దీన్ మా పిల్లను చూట్టానికొస్తన్నాడు," అన్నాడు మౌలాలీ. "మంచి మెకానిక్కు. నాకా చూపు పోతంది. కొట్టు నిలబడాలంటే పంచరెయ్యగలిగిన అల్లుడు కావాల."

పట్టా వెనక తొట్టిలో ఏదో ధబ్బున పడింది.

"నేనూ వస్తాను మామా, శుక్రవారం," అన్నాను.

"నీకు పంచరెయ్యటం వచ్చా?"

"ఎనిమిదిసార్లు దగ్గరుండి చూశాను."

అది అబద్ధం కాదు. నేను చూసింది ట్యూబుని కాదు, అంతే.

శుక్రవారం ఇద్దరి ముందూ ఒక్కో సైకిలు పెట్టారు. గులాం మొహిద్దీన్ మర్యాదస్తుడు. నన్ను చూసి సలాం చెప్పాడు, టైరు విప్పాడు, కంత పట్టాడు, ప్యాచీ వేశాడు, గాలి కొట్టి చేతులు కడుక్కున్నాడు. ఎంతసేపయిందో నాకు తెలియదు, నేనింకా టైరు విప్పుతున్నాను. చివరికి ప్యాచీ వేశాను. టైరెక్కించేటప్పుడు ట్యూబుని రిమ్ము కింద పెట్టి నలిపేశాను. ఒక కంత మూసి రెండు కంతలు చేశాను.

మౌలాలీ ట్యూబు తడిమి చూసి గట్టిగా నిట్టూర్చాడు. "పోనీలే అబ్బాయ్. ఆ పుస్తకమేంది, ఎప్పుడూ చంకలో పెట్టుకుంటావు?"

"దారుల పుస్తకం మామా."

"చదువు, విందాం. నీకు వచ్చిన పనన్నా చూద్దాం."

చదివాను. ఒకటో దారి, నరసరావుపేట నుంచి కారెంపూడి మీదుగా సత్రశాల. రెండో దారి, నరసరావుపేట నుంచి కారెంపూడి మీదుగా పొందుగుల. మూడు, కారెంపూడి మీదుగా దైద. నాలుగు, కారెంపూడి మీదుగా తంగెడ. ఐదు, కారెంపూడి మీదుగా ధరణికోట.

"ఆగు," అన్నాడు మౌలాలీ. "ధరణికోట తూర్పున గదరా?"

"తూర్పునే."

"కారెంపూడి పడమర గదా? తూర్పుకి పోయేవాడు పడమరకొచ్చి పోవటమేందిరా?"

గులాం మొహిద్దీన్ నా వంక జాలిగా చూశాడు. ఇంక దాచి లాభం లేదనిపించింది.

"మైమూనా ఇక్కడుంది మామా. నేను ఎటు బయల్దేరినా ఇటే వస్తున్నాను. ఆ పిల్లకి చెప్పడానికే అన్నీ చూస్తున్నాను. ఆ పిల్ల లేకపోతే నాకు ఏ ఊరికీ పోవాలని లేదు," అన్నాను.

గోనెపట్టా ఒక్క లాగుడుతో ఊడి కింద పడింది. మైమూనా బజారులోకి వచ్చి, అందరికీ కనపడేట్టు నిలబడింది.

"నాయనా, నాలుగేళ్ళనుంచి పంచర్లు ఎవురేస్తన్నారు?"

"నువ్వేనమ్మా."

"మెకానిక్కు మొగుడొస్తే నేనేం చెయ్యాల? పొయ్యి కాడికి పోవాల. ఈ పని నా చేతిలో పని నాయనా. నేనెవురికీ ఇవ్వను." నా వైపు వేలు చూపించింది. "ఈయనకి ఈ జన్మలో పంచరెయ్యటం రాదు. నాకట్టాంటోడే కావాల."

నన్ను అంత గొప్పగా ఎవరూ పొగడలేదు.

గులాం మొహిద్దీన్ లేచి, "పిల్ల మాటలో న్యాయముంది మామా," అని తన సైకిలెక్కాడు. మంచివాడు.

అప్పుడు ఆ పిల్ల మొదటిసారి నాతో, వాళ్ళ నాయనతో పనిలేకుండా మాట్లాడింది.

"నువ్వు నన్ను కృష్ణకి తీసకపోతావా?"

"తీసుకుపోతాను."

"ఎన్నిసార్లు?"

"నువ్వు చాలనేదాకా."

మౌలాలీ మసక కళ్ళు తుడుచుకుని, మీ అమ్మానాయన్లను పిలుచుకురారా అన్నాడు. పరుపుల కొట్టు కారెంపూడిలో కూడా నడుస్తుందని మా అమ్మే అంది. రంజాను వెళ్ళాక నిఖా అయింది.

ఆశ్వయుజంలో ఒక తెల్లవారుజామున మైమూనాని వెనక కూర్చోబెట్టుకుని సత్రశాల బయల్దేరాను. ఎత్తు వచ్చినప్పుడల్లా తను దిగి తోసింది. తను తోస్తుంటే నేను దిగకుండా కూర్చున్నానని దారి పొడుగునా తిట్టింది. పొద్దెక్కాక చివరి మెట్ట దిగితే కృష్ణ కనపడింది.

చెప్పులు విడిచి నీళ్ళలోకి పోయి నిలబడింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. నాకు భయమేసింది.

"ఏమే, బాగా లేదా?"

"ఇంతుంటదని రాయలేదే నువ్వు?"

"రాయటం చేతకాలేదు."

నా చెయ్యి పట్టుకుంది. ఏటి అవతల నైజాం గట్టు మీద ఎర్రటి దారి ఒకటి కొండల్లోకి పోతోంది. దానివైపు చూపించింది.

"ఆ దారి యాడికి పోద్ది?"

"తెలీదు. నా పుస్తకంలో లేదు."

"పడవాయన్ని పిలువు," అంది.

పిలిచాను.