మూడు ఆకుల దూరం

తాడు పట్టుమని మూరెడు లేదు. నల్ల ఉన్నీ తెల్ల ఉన్నీ కలిపి పేనిన తాడు. ఒక కొసన చిన్న తెల్ల గులకరాయి, దాని తరువాత మూడు ముళ్ళు. యుసెబియో దాన్ని రెండు అరచేతుల మీద పరిచి నీలవేణికి చూపించాడు. ఆండీస్ కొండల నడినెత్తిన, కనుమ మీద, బాటసారులు తరతరాలుగా పేర్చిన రాళ్ళ కుప్ప పక్కన నిలబడి ఉన్నారు వాళ్ళు. మబ్బులు పైన కాదు, పాదాల కింద కదులుతున్నాయి.

"అమ్మ తడిమి చూసి చెప్పింది తల్లీ, ఇవి నాన్న వేసిన ముళ్ళేనని," అన్నాడు యుసెబియో. "రాయంటే ఈ కుప్ప. ముడి అంటే ఒక ఆకు. ఇక్కణ్ణించి మూడు ఆకుల దూరంలో ఆయన ఏదో దాచాడు."

ఆకంటే కోకా ఆకు. అక్కడి కొండవాళ్ళు చలీ ఆకలీ తెలియకుండా గుప్పెడాకు బుగ్గన పెట్టుకుని నడుస్తారు. దాని సారం పోయేలోగా నడిచిందే ఒక ఆకు దూరం.

యాభై రెండేళ్ళ క్రితం యుసెబియో తండ్రి ఫెర్మిన్, ఊరి దేవతామూర్తి వెండి కిరీటాన్ని మరమ్మత్తుకని పట్నం తీసుకువెళ్ళాడు. కంసాలి దగ్గర తిరిగి పుచ్చుకుని, మంచు కురుస్తున్న రోజున బయల్దేరాడు. ఊరు మాత్రం చేరలేదు. అమ్ముకుని పారిపోయాడంది ఊరు. ఆనాటి నుంచి అతని భార్య సతుర్నినా పండగ పండక్కీ గుడి బయటి మెట్టు మీదే కూర్చుంటుంది, గడప దాటదు. దొంగ కొడుకన్న పేరు మోయలేక యుసెబియో పదిహేనో ఏట ఊరు విడిచి, పట్నంలో సైకిల్ యాత్రికులకు దారి చూపిస్తూ బతికాడు. ఫెర్మిన్ బరువులు మోసే జంతువు, లామా, ఒంటరిగా వచ్చి కనుమ మీది కాపరుల ఇంటికి చేరిందట. నేరం తమ మీద పడుతుందని వాళ్ళు నోరు విప్పలేదు. ఆ ఇంటి మనవరాలు పోయిన నెలలో దాని మెడలోని ఈ తాడు తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు సతుర్నినాకు ఎనభై నాలుగు. కళ్ళు ఆనవు, ముద్ద దిగదు. ఈ సాయంత్రమే పండగ.

ఈ కథంతా విన్నాక నీలవేణి ఊరుకుంటుందా? టెక్కలిలో అన్నాచెల్లెళ్ళిద్దరూ సైకిళ్ళ షాపు నడుపుతారు. కొండల్లో సైకిల్ తొక్కాలని ఏడాది పాటు స్పానిష్ నేర్చుకుని మరీ వచ్చింది. అన్న అప్పలస్వామి మాత్రం చెల్లెలికి తోడు వచ్చాడంతే. వచ్చిన రోజు నుంచీ ఊపిరాడక, వెళ్ళిపోదామని బతిమాలుతూనే ఉన్నాడు.

"ఆకుకి మూడు కిలోమీటర్లు. మూడు మూళ్ళు తొమ్మిది," అన్నాడు యుసెబియో. "పదండి!"

సైకిళ్ళు దూకాయి. పాత లామాల బాట వంక మీద వంక తిరుగుతూ కిందికి జారుతోంది. పచ్చగడ్డి కాదక్కడిది, బంగారు రంగు గడ్డి. దూరాన మంచు శిఖరం ఒకటి ప్రతి మలుపులోనూ పక్కనే వస్తున్నట్టుంది. చక్రాల చప్పుడు తప్ప లోకంలో మరే చప్పుడూ లేదు. తను తొక్కుతోందో, కొండే తనను ఊయలలో వేసి ఊపుతోందో నీలవేణికి తెలియలేదు.

హేండిల్ మీది మీటరు తొమ్మిది చూపించిన చోట ఏముంది? చిత్తడి నేల, దాని మీద నింపాదిగా మేస్తున్న పది లామాలు. గుహ లేదు, బండ లేదు. గంటసేపు వెతికారు. యుసెబియో సైకిల్ పడేసి నేల మీద చతికిలబడ్డాడు.

"లెక్క తప్పలేదే! అమ్మకి ఏ మొహం చూపించను?"

అప్పటికి చేరాడు అప్పలస్వామి, సైకిల్ నడిపించుకుంటూ.

"ఒలమ్మో! ఇంకెంత దూరమే?"

ఆ మాట వినగానే నీలవేణికి అమ్మమ్మ గుర్తుకొచ్చింది. నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే మనిషి. చెరువుగట్టు పొలం ఎంత దూరమంటే "ఒక్క చుట్ట" అనేది. అదే పొలం నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చిన రోజున "రెండు చుట్టలు" అనేది. పొలం జరగలేదు, నెత్తిన బరువు పెరిగిందంతే.

"అన్నియ్యా, మనం కొలిచింది మీటరుతోటి!" అని అరిచింది. "ఆయన మంచులో నడిచాడు, బరువుతోటి నడిచాడు. మూడు ఆకులు నమిలినా ఆయన ఎంత దూరం రాగలడు? ఎనక్కి ఎల్లాలి. సైకిళ్ళు బుజానికెత్తుకుని నడవాలి."

"సైకిలు మనల్ని మొయ్యాలి గానీ, మనం సైకిల్ని మొయ్యడమేటే? నీకేమైనా పిచ్చా?"

"నువ్వే ముందు నడవాలి. మంచులో మనిషి ఎంత మెల్లగా నడుస్తాడో అంత మెల్లగా నడిచేది ఇక్కడ నువ్వొక్కడివే!"

చెల్లెలు మెచ్చుకుందో వెక్కిరించిందో అప్పలస్వామికి అంతుపట్టలేదు. పక్క రోడ్డు మీద పైకి పోతున్న ఉన్ని మూటల లారీ ఒకటి వాళ్ళను మళ్ళీ కనుమ ఎక్కించింది.

యుసెబియో బుగ్గన ఆకు పెట్టుకున్నాడు. అప్పలస్వామి సైకిల్ భుజాన వేసుకుని పది అడుగులు నడవడం, ఆగడం, మళ్ళీ పది అడుగులు. వెనకాల మిగతా ఇద్దరూ అదే నడక. పొద్దున రెప్పపాటులో పారిపోయిన కొండ ఇప్పుడు మెల్లగా ఒక్కొక్కటే బయటపెట్టింది. రాతి సందులో ఊదా పువ్వు, ఇసుకలో ఏదో పిట్ట అడుగులు, ఎక్కడో మంచు కరిగి బొట్టుబొట్టుగా పడే చప్పుడు. తమ ముందు మరెవరో నడుస్తున్నట్టు నీలవేణికి అనిపించింది. భయం వేయలేదు. ఆ మనిషి వెనకే వెళ్ళాలనిపించింది.

మొదటి ఆకు అయింది. రెండోదీ అయింది. శిఖరం మీద నల్లమబ్బు దిగింది. మూడో ఆకు పిప్పిని యుసెబియో ఉమ్మేసిన చోట చూస్తే ఒట్టి మలుపు, గోడలాంటి కొండ, దాని మీంచి జుట్టులా వేలాడే ఎండుగడ్డి. ఇక నావల్ల కాదంటూ అప్పలస్వామి సైకిల్‌ను ఆ గడ్డికి ఆనించాడు. సైకిల్ కాస్తా లోపలికి పోయింది!

"ఓర్నాయనో! నా సైకిల్ని కొండ మింగేసిందిరో!"

గడ్డి చీల్చుకుని ముగ్గురూ పాకారు. లోపల ఎముకలు కొరికే చలి. సైకిల్ దీపం వెలుగులో గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి కనిపించాడు. ప్రాణం ఎప్పుడో పోయింది, దేహం మాత్రం ఆ చలికి చెడలేదు. నడుం దాకా రంగుల దుప్పటి. దాని కింది నుంచి బయటికున్న ఒక కాలికి కర్ర పెట్టి కట్టు కట్టి ఉంది. విరిగిన కాలితో కదలలేక, లామా మెడకు తాడు కట్టి సాయానికి పంపింది ఇక్కణ్ణించే. ఒళ్ళో గుడ్డమూట, దాన్ని పొదివి పట్టుకున్న చేతులు.

యుసెబియో మోకాళ్ళ మీద పడ్డాడు. అరవై ఏళ్ళ మనిషి ఎనిమిదేళ్ళ పిల్లాడిలా ఏడ్చాడు. "నాన్నా, నువ్వు పారిపోలేదు!"

మూటలో కిరీటం చెక్కుచెదరకుండా ఉంది. మెడలో సతుర్నినా నేసిన ఆకుల సంచి ఉంది.

ఢామ్మని ఉరిమింది. వడగళ్ళు కొండను బాదాయి. గుహ కప్పు నుంచి పెళ్ళలు రాలాయి.

"బయటికి! బయటికి పదండి!" నీలవేణి కేక వేసింది.

"నాన్నని వదిలి రాను!"

"అక్కడ అమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది, యుసెబియో! లే!"

అతను తన టోపీ తీసి తండ్రి పాదాల దగ్గర పెట్టాడు. మూటా సంచీ తీసుకుని కదిలాడు. ముగ్గురూ సైకిళ్ళు ఈడ్చుకుంటూ బయటపడ్డారో లేదో, పైనుంచి బండలు దొర్లి వచ్చి గుహ నోరు మూసేశాయి. ఆ తరువాత వడగళ్ళలో పిచ్చి దౌడు. అప్పలస్వామి బ్రేకు ముట్టుకోలేదు. ఊపిరాడటం లేదన్న సంగతే మరిచిపోయాడు.

ఊరు చేరేసరికి వాన వెలిసి ఎండ కాసింది. గుడి ముందు జనం. మెట్టు మీద నల్లశాలువాలో సతుర్నినా. తడిసి వచ్చిన కొడుకు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చూసినదంతా చెప్పాడు. మూట విప్పి కిరీటాన్ని అప్పలస్వామి చేతికిచ్చాడు. అది చూసి జనం గొల్లుమన్నారు. ఆమె మాత్రం చేయి చాపింది.

"సంచి ఏదిరా?"

వేళ్ళతో తడిమి తన కుట్టును గుర్తుపట్టింది. విప్పి వాసన చూసింది. ఎండిన ఆకులను ఒళ్ళో కుప్పలు పోసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"ఆ మలుపు నుంచి మన గడపకి ఎన్ని ఆకులు?" అని అడిగింది.

"నాలుగమ్మా," అన్నాడు యుసెబియో.

"చలికి ప్రాణం పోతున్నా నమల్లేదు. ఇంటికి రావడానికి అట్టేపెట్టుకున్నాడు."

ఒక కుప్ప తీసి ఆమె తన బుగ్గన పెట్టుకుంది. నీలవేణి చేయి ఊతం చేసుకుని లేచింది. జనం తలల మీది టోపీలు తీసి పక్కకు తప్పుకున్నారు. యాభై రెండేళ్ళు కూర్చున్న మెట్టును విడిచి, సతుర్నినా గడప దాటింది.

వెండి కిరీటం అప్పలస్వామి చేతుల్లోనే ఉండిపోయింది. దానివైపు ఎవరూ చూడటం లేదు.