గరుకు రాళ్ల వాకిలి

కాఫీ గ్లాసులు ఇంకా తీయకముందే కోడలు వరండా నిండా శాంపిల్ ముక్కలు పరిచింది. నున్నటి టైలు, గరుకు రాయి, ఎర్ర ఇటుక, ఒక బేసిన్‌లో గులకరాళ్లు. ఇల్లు కొత్తదే కానీ చుట్టూ ఇంకా మట్టినేల. చినుకు పడితే చాలు, బురదంతా ఇంట్లోకి వచ్చేస్తోంది.

కొడుకు ముందే తేల్చేశాడు. వీధిలో అందరిలాగే అద్దంలా మెరిసే టైల్స్ వేయిద్దామన్నాడు. కోడలు ఒప్పుకోలేదు. మెట్ల నుంచి గేటు దాకా గరుకు రాయి, కుళాయి వైపు తిరిగేచోట ఇటుక, మొక్కల అంచున గులకరాళ్లు కావాలంది. అతుకుల బొంతలా ఉంటుందని అతను నవ్వాడు.

పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్న మామగారు అంతా విన్నారు. జీవితమంతా బస్సు నడిపిన మనిషి. కొన్నాళ్లుగా కళ్లకు మసక కమ్ముతోంది. చుక్కల మందు బాగా పనిచేస్తోందని కొడుకుతో చెబుతూ వస్తున్నారు. గేటు దాకా వెళ్లాలంటే ఏదో మాట కలిపి కోడల్ని వెంటబెట్టుకెళ్తారు. ఆమె కనిపెట్టలేదనే అనుకున్నారు. ఈ రాళ్లూ ఇటుకలూ ఎందుకో ఇప్పుడు అర్థమై ఆయన చెవులు వేడెక్కాయి.

"టైల్సే వేయించండి," అన్నారు.

"జారతాయి మామయ్యా."

"నాకు చూపు లేదని వాకిలంతా పరిచి వీధికి చూపించాలా?" పేపరు విసిరికొట్టారు.

కొడుకు నవ్వు ఆగిపోయింది. తండ్రి నోట ఆ మాట వినడం అదే మొదలు.

కోడలు ఆయన కుర్చీ పక్కన కింద కూర్చుంది. "రోడ్డెలా ఉందో స్టీరింగ్ పట్టుకున్న చేతికే తెలిసేదని మీరే గొప్పగా చెప్పారు. అరికాలికి తెలిస్తే మాత్రం చిన్నతనమా? ఈ ఇంట్లో మీరు ఎవర్నీ అడక్కుండా తిరగాలి మామయ్యా. నాకు అంతే కావాలి."

ఆయన చెప్పులు విడిచి ఒక్కో ముక్క మీదా నిలబడి చూశారు. పట్టుకోబోయిన కొడుకును కోడలు కళ్లతోనే వారించింది.

"మలుపు కాస్త ముందే తెలియాలమ్మా. ఇటుక ఇంకో రెండు వరసలు వేయించు," అన్నారు చివరికి.

కొడుకు టైలు ముక్కను తీసి గోడకు ఆనించాడు. చూపు ఇంతగా తగ్గిందని తనకెందుకు చెప్పలేదని అడిగాడు.

"ఎలా చెప్పనురా? చిన్నప్పుడు నా బస్సెక్కి, డ్రైవరు మా నాన్నేనని కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నవాడివి."

"ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నాను నాన్నా," అంటూ కొడుకు ఆయన భుజం పట్టుకున్నాడు.

పని పూర్తయిన మర్నాడు మామగారు ఒక్కరే మెట్లు దిగి, తొట్రుపడకుండా గేటు దాకా నడిచారు. ఇదేమిటి, ఒక్కోచోట ఒక్కో రకం వేయించారని ఎదురింటాయన అడిగాడు. వరండాలో భార్యాభర్తలు ఊపిరి బిగబట్టారు.

"నాకు కళ్లు సరిగ్గా కనపడవండీ," అన్నారాయన, వీధంతా వినపడేట్టు. "అందుకే మా కోడలు ఏరికోరి వేయించింది. లోపలికి రండి, చూపిస్తాను."

గేటు తీసి, తనే ముందు నడిచారు.